ఏడో వెర్షన్ మీద కొత్త చెయ్యి

412. మే 6

సత్యవేణి అక్క వచ్చింది. పడవ దిగి మెట్లెక్కేటప్పుడే కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని ఉంది. బొటనవేలు, చూపుడువేలు కదలడం మానేశాయి. మిగతా మూడూ కదులుతున్నాయి గానీ వాటికి తగిలింది వేడో చల్లదనమో తెలియడం లేదంది.

"నెల నుంచీ ఇలాగే ఉంది. చెబితే నువ్వు కంగారు పడతావని ఊరుకున్నాను."

"కంగారు పడటం నా ఉద్యోగమే కదక్కా. ముందే రావాలి."

చెయ్యి విప్పి బల్లమీద పెట్టాను. పంతొమ్మిదేళ్ల నాటి చెయ్యి. సముద్రపు గోడ కట్టిన రోజుల్లో రాళ్లు పేర్చే యంత్రాల కింద చేతులు పోయినవాళ్లకి ఇచ్చినది. నరాల మాట చేతికి అందించే నాడిపెట్టెని ముంజేతి లోపల పెట్టారు, దానికి ఈ చెయ్యి తగిలించారు. మా పదకొండు లంకల్లో అక్కతో కలిపి అలాంటివాళ్లు ఇంకా నలభై ఒక్కమంది ఉన్నారు. అందరి చేతులూ నెలకోసారి సర్దేది నేనే.

వేళ్లలో మోటార్లు అరిగిపోయాయి. ఆ రకం తయారుచెయ్యడం ఎనిమిదేళ్ల కిందటే ఆపేశారు. ఇన్నాళ్లూ చనిపోయినవాళ్ల చేతుల్లోంచి తీసి దాచిన వాటితో నెట్టుకొచ్చాను. డబ్బా తెరిచి అక్కకి చూపించాను. రెండే మిగిలాయి. రెండూ చిటికెనవేలివి.

"ఎర్రతిప్పలో సాహితికి జూన్ ఆఖరుకి నెలలు నిండుతాయి. చినతిప్పలో ఇంకో ఇద్దరున్నారు" అంది అక్క. ఆమె మాటల్లో తన చెయ్యి ఎప్పుడూ ఆఖర్న వస్తుంది. పదహారేళ్లుగా ఈ లంకల్లో కాన్పులన్నీ ఆమే చేస్తోంది. ఆసుపత్రి పడవలో అయిదు గంటల దూరం.

413. మే 9

కొత్తరకం వేళ్లు, మోటార్లు జిల్లా డిపోలో కావలసినన్ని ఉన్నాయి. కానీ వాటితో చెయ్యి గీయాలంటే కొత్త డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉండాలి. కంప్యూటర్లో తొమ్మిదో వెర్షన్ సిస్టమ్ ఉంటేనే అది ఎక్కుతుంది. నాది ఏడు. మార్చడం అరపూట పని. మార్చిన మరుక్షణం ఈ కంప్యూటర్ పాత నాడిపెట్టెలతో మాట్లాడటం మానేస్తుంది. సర్దకుండా వదిలేస్తే ఆ చేతులు మూణ్ణెల్లకంటే నిలవవు. ఒక్క చెయ్యి కోసం నలభై చేతులు పోగొట్టుకోవాలి.

కంపెనీకి ఫోన్ చేశాను. ఎత్తిన అమ్మాయి మర్యాదగా మాట్లాడింది.

"ఏడో వెర్షన్‌కి మా సపోర్ట్ ఆగిపోయిందండి."

"ఆ వెర్షన్ మనుషుల ఒంట్లో ఉందమ్మా."

"ఆపరేషన్ చేయించి కొత్త పెట్టె పెట్టించుకోమని చెబుతున్నామండి."

ఇన్నేళ్లలో నరాలు ఆ పెట్టెలోకి అల్లుకుపోయాయి. పెట్టె తీస్తే నరాలూ పోతాయని జిల్లా డాక్టరు ఎప్పుడో చెప్పాడు. అదే ఆమెకి చెప్పాను. "సారీ అండి" అంది. గొంతులో నిజంగానే బాధ ఉంది. పాపం, ఆమె మాత్రం ఏం చేస్తుంది.

415. మే 17

ఎనిమిది రోజులు పట్టింది.

సాఫ్ట్‌వేర్ ఎక్కే ముందు సిస్టమ్ ఏ వెర్షనో ఒక ఫైల్లో చూసుకుంటుంది. అందులో ఏడుని తొమ్మిదిగా దిద్దాను. ఒప్పుకుంది గానీ లోపల రెండు భాగాలు దొరక్క సగంలో ఆగిపోయింది. డిపోలో చెత్తకింద పడేసిన కంప్యూటర్ ఒకటి ఉంటే దాన్నించి ఆ రెండూ తెచ్చి అతికించాను. నాలుగుసార్లు పడిపోయింది. ఇవాళ పదకొండింటికి తెరుచుకుంది.

తెర మీద తెలుగంతా చెదిరిపోయి ఉంది. ఒత్తులు ఊడి పక్కన పడ్డాయి. గుడులూ దీర్ఘాలూ ఎక్కడివక్కడ విడిపోయాయి. కూడబలుక్కుని చదవాల్సి వచ్చింది. చేతి బొమ్మ మాత్రం చక్కగా తిరుగుతోంది. అరచేతి గీతలతో సహా కనిపిస్తోంది.

బొమ్మ ముందు ఒక చిన్న పెట్టె వచ్చింది. "ఈ సిస్టమ్‌పై కొలతలకు హామీ లేదు. కొనసాగించాలా?"

'అవును' నొక్కాను. చాలాసేపు ఆలోచించి నొక్కానని రాయాలని ఉంది. ఆలోచించలేదు. తెరుచుకుందన్న సంతోషంలో ఉన్నాను.

418. జూన్ 2

చెయ్యి తయారైంది. పొద్దున పరీక్ష పెట్టాను. ఉడికించి పెంకు తీసిన కోడిగుడ్డుని వేళ్ల మధ్య ఉంచి గంటసేపు పట్టుకోమన్నాను. గంట తర్వాత గుడ్డు మీద ఒక్క నొక్కు లేదు. పుస్తకంలో రాసిన పరీక్ష గంటే.

మధ్యాహ్నం సత్యవేణి అక్కకి తగిలించాను. వేళ్లు ఒక్కొక్కటే ముడిచి విప్పింది. బిందెలో ముంచి తీసి, వేళ్ల కొసల్నించి కారుతున్న నీళ్లని చూస్తూ నిలబడింది.

"తడి" అంది. "సువార్తా, తడి తెలుస్తోందే."

పాత చేతికి వేడీ చల్లదనం తెలిసేవి గానీ తడి ఎప్పుడూ తెలియలేదట. ఆ సంగతి పంతొమ్మిదేళ్లలో నాకు ఎప్పుడూ చెప్పలేదు. నా మణికట్టు పట్టుకుని గోడ గడియారం చూసింది. పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది.

"తొంభై రెండు. ఎందుకంత భయం నీకు?"

"భయం కాదక్కా, పొద్దున్నించి ఏమీ తినలేదు."

కాఫీ తాగి వెళ్లింది. పడవలో కూర్చున్నాక కూడా ఆ చెయ్యి పైకెత్తి చూసుకుంటూనే ఉంది.

421. జూన్ 19

అక్క ఫోన్ చేసింది. నిన్న సాయంత్రం మజ్జిగ తాగుతుంటే స్టీలు గ్లాసు నొక్కుకుపోయిందట. వదలాలనుకుంటే రెండు క్షణాలు ఆలస్యంగా వదిలిందట.

"చెయ్యి ఒకసారి విప్పి మళ్లీ తగిలించుకో అక్కా. కొత్తది కదా, నీకూ దానికీ అలవాటు కావాలి."

అలాగే చేసి మళ్లీ ఫోన్ చేసింది. బాగానే ఉందంది. వచ్చే నెల సర్దేటప్పుడు చూద్దామన్నాను. ఇక్కడ "గమనించాలి" అని రాసుకున్నాను.

424. జూలై 3

జూలై 1న జరిగింది ఇప్పుడు రాస్తున్నాను.

ఎర్రతిప్పలో సాహితికి తొలి కాన్పు. ముందురోజు నుంచీ గాలి ఎక్కువగా ఉండి ఆసుపత్రి పడవ రాలేదు. అక్క తెల్లవారకముందే నాలుగున్నరకి చెయ్యి తగిలించుకుని వెళ్లింది. పదిన్నర దాటాక పాప తల బయటికి వచ్చింది. భుజం ఇరుక్కుంది. ఇలాంటివి అక్క చాలా చూసింది. కుడిచెయ్యి లోపలికి పోనిచ్చి పాప చెయ్యి దొరకబుచ్చుకుని మెల్లగా కిందికి తేబోయింది.

తర్వాత జరిగింది అక్క మాటల్లోనే రాస్తాను. "పట్టు నా మాట వినలేదు. వదులు అన్నాను. బిగిసింది. మళ్లీ వదులు అన్నాను. ఇంకా బిగిసింది. ఎడంచేత్తో నా మోచేతి దగ్గర కట్టు పీకేశాను. అప్పుడు వదిలింది."

పాప పుట్టింది. ఏడ్చింది. తల్లి క్షేమం. అందరూ సంతోషంగా ఉన్నారు. స్నానం చేయించేటప్పుడు సాహితి అత్త వరాలమ్మ చూసింది. పాప ఎడమచెయ్యి గుడ్డపీలికలా వేలాడుతోంది. పైన నాలుగు వేళ్ల అచ్చులు నల్లగా కమిలి ఉన్నాయి.

నిన్న గాలి తగ్గాక ఆసుపత్రికి తీసుకెళ్లారు. భుజం దగ్గర నరాలు మొదలంటా తెగాయన్నారు. ఆ చెయ్యి కదలదన్నారు.

అక్క ఇవాళ నా దగ్గరికి వచ్చి, చెయ్యి బల్లమీద పెట్టి, "ఇది చూడు" అంది. అంతే. కూర్చోమన్నా కూర్చోలేదు.

425. జూలై 5

నిన్న ఉదయం ఏడింటికి ఆ చేతిని అక్కదిలాంటి పాత నాడిపెట్టెకి కలిపి గుడ్డు పట్టించాను. ఈసారి గంటకి ఆపలేదు. ఎదురుగా కూర్చున్నాను.

మధ్యాహ్నం ఒంటిగంట పదకొండు నిమిషాలకి గుడ్డు చితికిపోయింది.

ఇవాళ మళ్లీ ఏడింటికి మొదలుపెట్టాను. మళ్లీ ఒంటిగంట పదకొండుకే.

కారణం దొరికింది. పట్టు ఎంత బలంగా ఉందో కొత్త సాఫ్ట్‌వేర్ క్షణానికి వెయ్యిసార్లు లెక్క రాసి పంపుతుంది. పాత పెట్టె అంత లెక్క మొయ్యలేదు. ఆరు గంటల పదకొండు నిమిషాలకి అంకెలు నిండిపోయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయి. సున్నా అంటే చేతిలో ఏమీ లేదని చెయ్యి అనుకుంటుంది. దొరికేదాకా బిగిస్తుంది. విప్పి మళ్లీ తగిలిస్తే లెక్క మొదటికొస్తుంది. అక్కకి నేను చెప్పిన చిట్కా అందుకే పనిచేసింది.

ఆ పొద్దున నాలుగున్నర నుంచి లెక్కపెడితే పది నలభై ఒకటి.

ఆ చెయ్యి చేసింది నేను. ఆరున్నర గంటలు కూర్చుని చూసి ఉంటే జూన్ 2నే తెలిసేది. ఆ రోజు నాకు వేరే పనేమీ లేదు.

427. జూలై 12

చినతిప్పలో ఒకామెకి నొప్పులొస్తే అక్కని పిలవలేదు. పడవలో ఆసుపత్రికి బయల్దేరారు. సగం దారిలో పడవలోనే కాన్పయింది. ఇద్దరూ బతికారు.

ఎర్రతిప్ప రేవులో ఆడవాళ్లు అనుకుంటున్నది నా చెవినే పడింది. సత్యవేణికి వయసైపోయిందట. చూపు ఆనడం లేదట. మానుకోవలసిన పని మానుకోకుండా పసిదాని చెయ్యి విరిచిందట.

మొన్న అక్క ఇంటికి వెళ్లాను. ఎడంచేత్తో బియ్యంలో రాళ్లు ఏరుతోంది. కుడిచేతి చోట చీరకొంగు కప్పుకుని ఉంది.

"చెయ్యి దానంతటదే బిగిసిందని నువ్వు ఎవరికీ చెప్పలేదా?"

"ఎందుకు?"

"నిన్ను అంటున్నారు కదక్కా."

"చెబితే ఏమవుతుంది? వైద్య పరికరాల బోర్డు వాళ్లొచ్చి నీ కంప్యూటర్ సీలు వేస్తారు. మిగతా నలభై మందీ ఏం చేస్తారు? పోయింది నా ఒక్కదాని పేరే కదా. పోనీ."

ఇంటికొచ్చి రెండు రోజులు నేనూ "పోనీ" అనుకోవడానికి ప్రయత్నించాను. నలభై మంది అన్న మాట చాలా పెద్దది. దాని వెనక ఎవరైనా దాక్కోవచ్చు.

428. జూలై 15

సాహితి ఇంటికి వెళ్లాను.

వసారాలో పాపకి పాలిస్తోంది. ఇరవై రెండేళ్లుంటాయేమో. నేనెవరో చెప్పాను. సత్యవేణి చెయ్యి చేసింది నేనేనని, బిగిసింది చెయ్యేనని, తప్పు ఆమెది కాదని చెప్పాను. వెర్షన్ల సంగతీ లెక్క సంగతీ వీలైనంత తేలిగ్గా చెప్పాను. వరాలమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడి వింది.

సాహితి పాపని భుజాన వేసుకుంది. "మీరు చెప్పిందాంట్లో సగం నాకు అర్థం కాలేదండి. ఒకటి అడుగుతాను. హామీ లేదని ఆ తెర మీద వచ్చిందన్నారు. అది మీరు చదివారా?"

"చదివాను."

"చదివే నొక్కారా?"

"చదివే నొక్కాను."

"సత్యవేణమ్మగారికి చెప్పారా, అలా రాసుందని?"

"లేదు."

పాప వీపు తట్టింది. "చెప్పుంటే ఆవిడ నాకు చెప్పేది. అప్పుడు కూడా నేను ఆవిణ్ణే పిలిచేదాన్నేమో. గాలిలో పడవ లేదు, ఇంకెవరున్నారు? కానీ అది నేను అనుకోవాల్సిన మాట. మా అందరి బదులూ మీరొక్కరే అనేసుకున్నారు."



"అయ్యో తల్లీ" అంటూ వరాలమ్మ ఏదో అనబోయింది. సాహితి చేత్తో ఆపింది. "నాకు చెప్పడం కాదండి. రేవులో చెప్పండి. ఆవిణ్ణి అంటున్నది అక్కడ."

సాయంత్రం నాలుగింటి పడవకి జనం చేరినప్పుడు రేవు మెట్లమీద నిలబడి మళ్లీ మొదట్నించీ చెప్పాను. వెనకవాళ్లు వినపడలేదంటే రెండోసారి చెప్పాను. ఎవరూ తిట్టలేదు. పడవ ఎక్కేటప్పుడు మాత్రం నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

429. జూలై 16

సత్యవేణి అక్క పొద్దున్నే వచ్చింది. ఇంత కోపంగా ఆమెని ఎప్పుడూ చూడలేదు.

"ఎవరు చెప్పమన్నారు నిన్ను? నేనేమన్నా అడిగానా?"

"నువ్వు చెయ్యని దానికి నువ్వెందుకు పడాలక్కా?"

"నేను చెయ్యలేదని నీకెవరు చెప్పారు?"

బల్ల పక్కన స్టూలు మీద కూర్చుంది. కోపం పోయింది. పోయాక చాలా ముసలిదానిలా కనిపించింది.

"గ్లాసు నొక్కుకుపోయిన తర్వాత ఇంకోసారి కూడా అయింది. తలుపు గడియ పట్టుకుంటే వదల్లేదు. అది నీకు చెప్పలేదు. ఆ రోజు తెల్లవారుజామున కట్టు కట్టుకుంటుంటే మనసులో మెదిలింది. తీసేసి ఒంటిచేత్తో వెళ్దామా అని. వెళ్లగలను. ఇదివరకు చేశాను కూడా."

"మరి?"

"ఆ చెయ్యి ఎంత బాగుందో నీకు తెలీదు సువార్తా. పసిపిల్లల తల మీద తడి తెలుస్తుంది. పుట్టగానే ఒళ్లు ఎంత జారుతూ ఉంటుందో తెలుస్తుంది. ఆరొందల మందిని తీశాను, ఈ కుడిచేతికి ఒక్కరిది కూడా అలా తెలియలేదు. ఒక్కసారి తెలుసుకోవాలనిపించింది."

ఏడవలేదు. నేనే ఏడ్చాను. ఆమె నా వీపు మీద ఎడంచెయ్యి వేసింది, నొప్పులు పడేవాళ్ల మీద వేసినట్టు.

431. ఆగస్టు 3

రేవులో చెప్పింది బోర్డుదాకా వెళ్లి, అక్కణ్నించి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పెద్దాయన, నెమ్మదస్తుడు. ఈ లాగ్ అంతా కూర్చుని చదివాడు. మే 17 దగ్గర వేలు పెట్టి, "ఇది మీరు రాయకుండా ఉంటే మాకు తెలిసేది కాదు" అన్నాడు.

ఆగస్టు 19 సాయంత్రం కంప్యూటర్ సీలు వేస్తారు. అంతవరకూ పాత చేతులు సర్దడానికి మాత్రం ఒప్పుకున్నాడు. నామీద విచారణ తర్వాత ఉంటుంది. నలభై మంది గురించి పైకి రాస్తానన్నాడు. పైవాళ్లు ఏం చేస్తారని అడిగితే, "రాస్తాను" అని మళ్లీ అదే మాట అన్నాడు.

433. ఆగస్టు 16

రోజుకి ఇద్దరు, ముగ్గురు వస్తున్నారు. ప్రతివాళ్లూ అడిగేది ఒకటే, ఎన్నాళ్లు పనిచేస్తుందని. మూణ్ణెల్లు అంటున్నాను. జాగ్రత్తగా వాడితే నాలుగు.

వలలు అల్లే గంగరాజు, "వలల పని ఇప్పుడే ఎక్కువ చేసేసి పెట్టుకుంటాను" అన్నాడు. జాకెట్లు కుట్టే అమృతవల్లి వేరేగా అడిగింది. "అయిదు వేళ్లూ నాకొద్దు. బొటనవేలూ చూపుడువేలూ ఉంటే సూది పట్టుకుంటాను. తక్కినవాటి బలం తీసేసి ఈ రెండింటికీ పెట్టు. ఎక్కువ కాలం వస్తుందా అప్పుడు?"

"ఆరు నెలలు రావచ్చు."

"అయితే అలా చెయ్యి."

ఆమె మూడు వేళ్లని నేనే ఆపేశాను. ఆ మాట విని తర్వాతివాళ్లు కూడా ఏ వేళ్లు ఉంచాలో ఇంటి దగ్గరే ఆలోచించుకుని వస్తున్నారు. ఒకాయన చిటికెనవేలు ఒక్కటే ఉంచమన్నాడు. మనవడు అది పట్టుకుని నడుస్తాడట.

నన్ను ఒక్కరు కూడా మాట అనలేదు. అంటే బాగుండేది.

434. ఆగస్టు 19

ఆఖరి మనిషి సత్యవేణి అక్క.

ఆమెకి సర్దడానికి చెయ్యే లేదు. నాడిపెట్టె పూర్తిగా ఆపేయమని అడగడానికి వచ్చింది. ఆపితే మళ్లీ మొదలుకాదు. రేపెప్పుడైనా ఎవరైనా కొత్త చెయ్యి చేసినా ఈమెకి పనికిరాదు. అది వివరంగా, ఒకటికి రెండుసార్లు చెప్పాను. ఏమీ దాచలేదు.

"తెలిసింది. ఆపు."

"ఎందుకక్కా? ఉంటే నష్టం లేదు కదా."

"చెయ్యి లేకపోయినా ఆ పట్టు తెలుస్తోంది. పొద్దున లేవగానే మొదలవుతుంది. ఇంత చిన్న చెయ్యి, నా పిడికిట్లో. వదులుదామంటే వదలడానికి వేళ్లు లేవు."

పెట్టెకి తీగ కలిపాను. కలుపుతుంటే చెప్పింది. పాప చెయ్యి బిగుసుకుపోకుండా రోజూ నూనె రాసి వంచి చాపాలని ఆసుపత్రిలో చెప్పారట. సాహితికి చేతకావడం లేదని తెలిసి అక్క తనే వెళ్లిందట. మొదటిరోజు వరాలమ్మ గేటు దగ్గరే ఆపేసింది. రెండోరోజు సాహితి రానిచ్చింది.

"మాట్లాడుతుందా?"

"మాట్లాడదు. పాపని నా ఒళ్లో పెట్టి లోపలికి పోతుంది. అయ్యాక వచ్చి తీసుకుంటుంది. రోజూ వెళ్తున్నాను."

ఇన్‌స్పెక్టర్ సీలు కాగితాలు పట్టుకుని గుమ్మం బయట నిలబడ్డాడు. తొందరపెట్టలేదు.

"ఇప్పుడు తెలుస్తోందా అక్కా?"

"ఊఁ."

ఆపేశాను. తెర మీద అక్క పేరు ఎదుట ఉన్న పచ్చచుక్క ఆరిపోయింది.

"ఇప్పుడు?"

అక్క కళ్లు మూసుకుని కాసేపు చూసుకుంది. ముంజేతి కొస అటూ ఇటూ తిప్పింది.

"లేదు" అంది. "ఏమీ లేదు."

ఎడంచేత్తో కొంగు సర్దుకుని లేచింది. పాపకి నూనె రాసే వేళవుతోందని, నాలుగింటి పడవ అందుకోవాలని చెప్పి మెట్లు దిగింది.